నాలుకకు గ్రీకు పేరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్లు కబురు పెట్టినప్పుడు మేము నలుగురం కూర్చుని ఆలోచించాము. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్ల పప్పు, ఆదివారం గుడ్డు, ట్రంకుపెట్టె తాళం, తెల్లవారుజామున స్టడీ అవర్ బెల్లు... ఇవన్నీ ప్రతి సంచికలోనూ వస్తాయి, రావాలి కూడా. మేము మాత్రం ఈసారి ఒక మాట గురించి రాద్దామనుకున్నాము. ఒకే ఒక్క మాట. అది మన మాట కాదు, గ్రీకు మాట. "గ్లోస్సా". దాని అర్థం నాలుక.

నూజివీడు మామిడితోటల పక్కన చదువుకునే మనకు గ్రీకువాళ్ల నాలుకతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ మాట మీ పుస్తకాల సంచిలో రోజూ మీతో బడికి వస్తోంది. ఇంగ్లీషు పాఠం చివర "గ్లాసరీ" అని ఉంటుంది చూడండి, అందులో ఉంది. బయాలజీలో "ఎపిగ్లాటిస్" బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటారు, అందులో ఉంది. నాలుగైదు భాషలు వచ్చినవాడిని "పాలిగ్లాట్" అంటారు, అందులోనూ ఉంది. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు గ్లాసరీ అంటే గ్లాసుల లెక్క అని చెప్పి అందరినీ నవ్వించేవాడు. స్టాకు రిజిస్టర్లో పళ్లేలు ఇన్ని, గ్లాసులు ఇన్ని అని ఉండేది కదా, అది అన్నమాట! ఆ గ్లాసుకు దీనికి ఏ సంబంధమూ లేదు. నిగనిగలాడే కాగితాన్ని "గ్లాసీ" అంటారే, దానికీ సంబంధం లేదు. ఇది అచ్చంగా నాలుక.

ఈ మాట ఎక్కడ పుట్టింది? గ్రీకులో ధాన్యం వెన్నుకు ఉండే ముల్లుకూ, బాణం మొనకూ ఉన్న పేర్లు గ్లోస్సాకు చుట్టాలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మొదట అందులో ఉన్న భావం "మొనదేలినది" అని. నాలుక చివర మొనదేలి ఉంటుంది, నిజమే. దాని మీద నుంచి వచ్చే మాటకు ఇంకా పెద్ద మొన ఉంటుందని మనకు వేరే చెప్పాలా?

ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఏథెన్సు నగరం వాళ్లు ఈ మాటను "గ్లోట్టా" అని పలికేవారు. మిగిలిన గ్రీకు ప్రాంతాల్లో చాలామంది "గ్లోస్సా" అనేవారు. మన గదిలో ఒకడు "ఎక్కడ్రా" అంటే ఇంకొకడు "యాడరా" అన్నట్టు. ఏథెన్సు చిన్న ఊరు కాదు. సోక్రటీసు, ప్లేటో నడిచిన ఊరు. అయినా ఆ ఊరి పలుకు ఒక్కటే నిలిచి, మిగతా వాళ్ల పలుకు చచ్చిపోలేదు. రెండూ బతికాయి. గ్లాసరీలో ఉన్నది "స" అనేవాళ్ల మాట. ఎపిగ్లాటిస్‌లో, పాలిగ్లాట్‌లో ఉన్నది "ట" అనేవాళ్ల మాట. రెండు యాసలూ ప్రపంచమంతా తిరిగి, చివరికి మన హాస్టల్ పిల్లల పరీక్ష పేపర్లోకి వచ్చాయి. ఏ యాసకూ ఎవరూ మార్కులు తగ్గించలేదు.

ఇక ఈ మాట ఎక్కడెక్కడ ఏ పని చేస్తోందో చూద్దాం. ముందుగా మన ఒంట్లో. గొంతులో స్వరతంత్రుల మధ్య ఉండే సందును గ్లాటిస్ అంటారు, తెలుగు పుస్తకాల్లో కంఠబిలం. దాని పైన మూత ఎపిగ్లాటిస్, అంటే ఉపజిహ్విక. అన్నం మింగేటప్పుడు ఆ మూత పడుతుంది కాబట్టి మెతుకు గాలిగొట్టంలోకి పోదు. భోజనాల వరసలో కబుర్లు చెబుతూ తింటే పొలమారేది చూడండి, అది ఆ మూత పడటంలో తేడా వచ్చినప్పుడు. "ఇంటి దగ్గర అమ్మ తలుచుకుంటోందిరా" అని పక్కవాడు నెత్తిమీద తట్టేవాడు. సైన్సు ప్రకారం కారణం ఎపిగ్లాటిస్. మా ప్రకారం అమ్మే. "నరం లేని నాలుక" అని పెద్దలు అంటారు గాని, నాలుకకు నరాలున్నాయి. కపాల నరాల్లో తొమ్మిదోది గ్లాసోఫారింజియల్, పన్నెండోది హైపోగ్లాసల్. రెండింటిలోనూ మన గ్లోస్సా ఉంది. ఆ పన్నెండో నరమే నాలుకను కదిలిస్తుంది. మెడిసిన్ ఎంట్రన్సు రాసే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే ఆ రెండు పేర్లూ బట్టీ పట్టే పని లేదు.

ఉపజిహ్వికనూ కొండనాలుకనూ చాలామంది ఒకటే అనుకుంటారు. కాదు. నోరు తెరిస్తే లోపల పైనుంచి వేలాడేది కొండనాలుక. ఉపజిహ్విక ఇంకా కిందుగా, నాలుక మొదట్లో ఉంటుంది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అనే సామెత మీకు తెలుసు. దాన్ని ఒక్క నిమిషం పక్కన పెట్టుకోండి, తర్వాత అవసరం అవుతుంది.

నాలుక ఎర్రబడి, నున్నగా అయి, కారం తగిలితే మండటాన్ని డాక్టర్లు గ్లాసైటిస్ అంటారు. మన దగ్గర పూత మాటకు రెండు అర్థాలు. తోటలో పూత వస్తే రైతుకు సంతోషం. హాస్టల్లో పూత అంటే నోటి పూత, అన్నం పళ్లెంలోనే మిగిలిపోతుంది. బి విటమిన్లు, ఫోలిక్ యాసిడ్ లాంటివి తక్కువైతే ఇది వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. నాలుక పుండు పడటం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఆ మందు స్ప్రూకు పనిచేసింది. కాబట్టి తమ్ముళ్లూ, ఆకుకూర వండిన రోజున పళ్లెం పక్కకు నెట్టకండి.

నాలుక భూమి కింద కూడా ఉంది! పాతిక ముప్పై కోట్ల సంవత్సరాల కిందట మన దేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా కలిసి ఉన్న కాలంలో ఒక చెట్టు ఉండేది. దాని ఆకు నాలుక ఆకారంలో ఉందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాంగ్నియార్ 1828లో "గ్లాసాప్టెరిస్" అని పేరు పెట్టాడు. పుస్తకంలో ఆ శిలాజం బొమ్మ చూస్తే మామిడాకు అనుకుంటాం. నడుమ ఈనె, కోలగా మొనదేలిన ఆకు. గోదావరి లోయ బొగ్గు ఆ కాలపు అడవుల నుంచి వచ్చిందే. ఆ బొగ్గు పొరలు మన పొరుగున చింతలపూడి వైపు దాకా సాగి ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఈ నాలుక ఆకు ముద్రలు దొరికాయి. ఒకప్పుడు కలిసి ఉన్న ఆ భూమికి శాస్త్రజ్ఞులు గోండ్వానా అని పేరు పెట్టారు. అది మన గోండుల పేరు మీదుగా వచ్చింది. గోండు పిల్లవాడి మాట ఖండాల పేరయింది!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నాలుక అనే మాటకే చాలా జాతుల వాళ్లు భాష అనే అర్థం కూడా ఇచ్చారు. ఉర్దూలో జబాన్ అంటే నాలుక, భాష కూడా. లాటిన్‌లో లింగ్వా అంతే, దాన్నుంచే ఇంగ్లీషు వాళ్ల లాంగ్వేజ్ వచ్చింది. గ్రీకు గ్లోస్సా కూడా అంతే. గ్రీకువాళ్లు ఇంకో అడుగు వేశారు. మామూలుగా అందరికీ తెలియని, వివరం చెబితే గాని అర్థం కాని మాటను కూడా గ్లోస్సా అన్నారు. అలాంటి మాటల పట్టికే గ్లాసరీ. మన దగ్గరా అచ్చం ఇలాగే జరిగింది. వేదాల్లోని కష్టమైన మాటల పట్టికకు మొదట నిఘంటువు అని పేరు. యాస్కుడు దానికి నిరుక్తం అనే వివరణ రాశాడు. తర్వాత తర్వాత మాటల పుస్తకాలన్నింటికీ ఆ పేరే స్థిరపడింది.

మరి ఏ మాట కష్టమైనది? ఎవరికి కష్టమైనది? ఈ ప్రశ్నకు క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన కావ్యశాస్త్ర గ్రంథంలో జవాబు చెప్పాడు. ఒకే మాట మామూలు మాటా కావచ్చు, వింత మాటా కావచ్చు, అయితే ఒకే మనుషులకు కాదు అంటాడు. ఉదాహరణకు ఈటెకు ఉన్న ఒక పేరు సైప్రస్ దీవి వాళ్లకు రోజువారీ మాట, ఏథెన్సు వాళ్లకు వింత మాట. అంటే వింత అనేది మాటలో లేదు, వినేవాడి చెవిలో ఉంది. ఇంత పాత కాలంలో ఇంత న్యాయంగా చెప్పిన మాట ఇది.

మన పక్క నుంచి ఒక ఉదాహరణ. హెచ్.హెచ్. విల్సన్ అనే పండితుడు 1855లో లండన్‌లో ఒక పెద్ద గ్లాసరీ అచ్చు వేశాడు. మన దేశపు కచేరీల్లో, రెవెన్యూ కాగితాల్లో వాడే మాటలకు అర్థాలు అందులో ఉన్నాయి. పదమూడు భాషల మాటల్లో తెలుగు మాటలూ ఉన్నాయి. కరణం, ఇనాం, పట్టా... మన తాతలకు ఇవి తెల్లారి లేస్తే చెవిన పడే మాటలు. దొరలకు వింత మాటలు. రాజ్యం వాళ్లది కాబట్టి గ్లాసరీ వాళ్ల వైపు నుంచి తయారైంది.

ఈ సంగతి మాకు పుస్తకంలో చదవక ముందే తెలుసు. మన హాస్టల్లో ఎస్సీ పిల్లలతో పాటు కొందరు ఎస్టీ, బీసీ పిల్లలం కలిసి ఉండేవాళ్లం. తండా నుంచి వచ్చిన మిత్రుడొకడు ఏడో తరగతిలో మాతో చేరాడు. వాళ్ల ఇంటి భాష గోర్ బోలి. ఒకరోజు క్లాసులో లేచి ఇంటి గురించి చెప్పమంటే, అమ్మ అనే చోట అలవాటుగా "యాడి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వి, ఆ మాట మళ్లీ అనమన్నారు. వాడు అనలేదు. ఆ రోజే కాదు, నెలల తరబడి ఆ క్లాసులో వాడి గొంతు ఎవరూ వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేవాడు. పన్నెండో నరం బాగానే ఉంది. నాలుక బాగానే ఉంది. మాట ఒక్కటే లేదు. పుస్తకాల్లో ఈ జబ్బుకు పేరు లేదు.

అప్పుడు మా గదిలో ఒక లాంగ్ నోట్‌బుక్ మొదలైంది. మొదటి పేజీ వాడి చేతే రాయించాము. యాడి అంటే అమ్మ. పాణి అంటే నీళ్లు. తర్వాత ఒక్కొక్కరం మా ఇళ్ల మాటలు చేర్చాము. గోదావరి వైపు వాడు ఆనపకాయ అన్నాడు, మేము సొరకాయ అన్నాము. ఖమ్మం వైపు నుంచి వచ్చినవాడు మొక్కజొన్నను మక్కలన్నాడు. మన బంగినపల్లిని హైదరాబాదు మార్కెట్లో బేనిషాన్ అంటారని ఒకడు, మన కలెక్టర్ కాయ చిత్తూరు వాళ్లకు బెంగళూరా అని ఇంకొకడు తెచ్చి రాశారు. తోటల్లో కాపలా ఉండేవాళ్ల పిల్లలూ, కోత కూలీల పిల్లలూ మాలో చాలామంది ఉన్నారు. పిందె, దోరకాయ, టెంక, జీడి, దోటి, చిక్కం, మాగెయ్యడం... కాయను తొడిమతో కొయ్యాలని, సొన కారిపోయాక గాని గంపలో పెట్టకూడదని, లేకపోతే కాయ మీద మచ్చ పడి రేటు పోతుందని వాళ్లు చెబుతుంటే మేము రాసుకున్నాము. లెక్కల్లో వెనకబడ్డవాడు ఆ నోట్‌బుక్కులో అందరికంటే ముందున్నాడు. మా జీవితంలో మా ఇంటి మాటకు ఒకడు అర్థం అడిగి, శ్రద్ధగా విని, కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి.

మా మిత్రుడు మళ్లీ మాట్లాడటం మా గదిలోనే మొదలుపెట్టాడు, బడిలో తర్వాత. ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. తండాల మీదుగా పోయే బస్సులో ముసలివాళ్లు గోర్ బోలిలో పలకరిస్తే అదే భాషలో టిక్కెట్టు కొడతాడు. తెలుగు, హిందీ కూడా తడుముకోకుండా మాట్లాడతాడు. పాలిగ్లాట్ అంటే ఎవరో పండితుడే కానక్కర్లేదు.

మేము ఆడుకుంటూ చేసిన పనిని మహానుభావులు ఎంతో పెద్ద ఎత్తున చేశారని తర్వాత తెలిసింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ "మాండలిక వృత్తి పదకోశం" మొదటి సంపుటం ప్రచురించింది. జిల్లా జిల్లాలో రైతుల దగ్గరకు వెళ్లి వ్యవసాయపు మాటలు సేకరించారు. రెండో సంపుటం చేనేత మాటలది. విల్సన్ గ్లాసరీ అధికారి కోసం తయారైతే, ఈ పదకోశంలో నాగలి పట్టినవాడే గురువు. అంతకు ముందే గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం జీవితాంతం పోరాడింది కూడా ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అడవి బిడ్డల భాషను వినగలిగిన చెవి కాబట్టే సామాన్యుడి తెలుగును కూడా విన్నదని మా నమ్మకం.

రాతకు ఒక భాష, నోటికి ఒక భాష ఉండే ఈ స్థితికి చార్లెస్ ఫెర్గూసన్ 1959లో రాసిన వ్యాసంతో "డైగ్లాసియా" అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. అంటే రెండు నాలుకలు. మనం రెండు నాలుకల వాడు అంటే మోసగాడు అని. ఇది ఆ అర్థం కాదు. ఒకే సమాజంలో గౌరవానికి ఒక పలుకు, ఇంటికి ఒక పలుకు అని. ఆయన చూపిన ఉదాహరణల్లో గ్రీసు దేశమే ఒకటి! 1901లో ఏథెన్సులో సువార్తను వాడుక గ్రీకులోకి అనువదించి పత్రికలో వేసినందుకు అల్లర్లు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. 1976లో గాని అక్కడ వాడుక భాష అధికార భాష కాలేదు. నాలుకకు ఇన్ని అర్థాలు చెప్పిన దేశంలోనే సామాన్యుడి నాలుకకు గౌరవం రావటానికి అన్నేళ్లు పట్టింది.

తమ్ముళ్లారా, ఇదంతా ఇప్పుడెందుకంటే, మీ ముందు మా కంటే పెద్ద పరీక్ష ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ బడుల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు వద్దని మేము చెప్పము. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఇంగ్లీషు, మన పిల్లలకు భాషాభిమానం అంటే ఒప్పుకోము. ఉద్యోగానికి, కోర్టుకు, ఆసుపత్రికి, పై చదువుకు ఇంగ్లీషు కావాలి. గట్టిగా నేర్చుకోండి. మొహమాటం లేకుండా తప్పులతోనే మాట్లాడండి. అయితే ఇందాక పక్కన పెట్టిన సామెత ఇప్పుడు తీయండి. కొండనాలుకకు మందు వేసుకోవాల్సిందే, కానీ ఉన్న నాలుక ఊడకూడదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ మాట, నాయనమ్మ మాట మీకు వింతగా వినబడిన రోజున జాగ్రత్తపడండి. వింత అమ్మ మాటలో లేదు.

2022లో జిల్లా మారి నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. కాగితాల మీద పేరు ఒక్క రోజులో మారుతుంది. పలుకు అలా మారదు. చిన్నరసం ఎప్పుడూ చిన్నరసమే.

ఈ సంచిక చివరి పేజీని ఖాళీగా, గీతలు మాత్రం గీసి వదలమని సంపాదక వర్గాన్ని కోరాము, ఒప్పుకున్నారు. ఎడమ పక్క మీ ఇంటి మాట రాయండి. కుడి పక్క దాని అర్థం. మీ పక్క మంచం మీద పడుకునేవాడి మాటలు కనీసం ఐదు అడిగి రాయండి. నవ్వితే కలిసి నవ్వండి, ఒకడిని నిలబెట్టి నవ్వకండి. మా నోట్‌బుక్కు చెదలు పట్టి సగం పోయింది. మిగిలిన సగం గ్రంథాలయం బీరువాలో పెట్టమని వార్డెన్ గారికి అప్పగిస్తున్నాము. మిగతాది మీరు పూర్తి చేయండి.

పదో తరగతి పరీక్షలు రాయబోతున్న తమ్ముళ్లకు మా శుభాకాంక్షలు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు